గగ్గోలు బాతు ఎవరు?

ఆ మంగళవారం పొద్దున ఐలా కోర్పి వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండో తరగతి పిల్లలు మంచు బూట్లు విప్పి, తడిసిన చేతితొడుగులు హీటరు మీద ఆరేసుకుని, హాజరు పలికాక ఒక కథ చెప్పాలి. ఆ తర్వాత తీసివేతలు. పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం అనే ఘట్టం ఆ రోజే మొదలవ్వాలి. రెండో తరగతి చరిత్రలో అంతకంటే పెద్ద ఘట్టం లేదు. కథ దానికి ముందు కాస్త ఊపిరి పీల్చుకోవడానికి, అంతే.

కథ చెప్పాలన్న బుద్ధి కూడా ఆమెకు సొంతంగా పుట్టింది కాదు. పిల్లలకు కోపం, భయం, జాలి, క్షమాపణ లాంటివన్నీ కథల ద్వారా నేర్పాలని జిల్లా విద్యాశాఖ ఆ ఏడాది ఆజ్ఞాపించింది. ఆజ్ఞతో పాటు పుస్తకాల పెట్టె కూడా పంపింది. ఆ పుస్తకాల్లో కథలన్నీ ఒకటే తీరు. మొదటి పేజీలో ఒక పిల్లవాడికి విచారం వస్తుంది. రెండో పేజీలో గట్టిగా ఊపిరి పీల్చి వదులుతాడు. మూడో పేజీలో అందరూ కేకు తింటూ నవ్వుతూ ఉంటారు. అంతకుముందు వారం ఐలా అందులో ఒకటి చదివి వినిపిస్తే, ముందు వరసలోని ఆటో అనే పిల్లవాడు చెయ్యెత్తాడు.

"టీచర్, వాడికి విచారం ఎందుకొచ్చింది?"

"పుస్తకంలో రాయలేదు, ఆటో."

"మరి ఎందుకు పోయింది?"

"ఊపిరి పీల్చాడు కదా."

"అయితే కేకెందుకు ఇచ్చారు?"

ఐలా పుస్తకాన్ని పెట్టెలో పడేసింది. పెట్టె మూసేసి బీరువా పైన పెట్టింది. సొంతంగానే ఒక కథ అల్లుకుంది. కథలోకి బాతును తేవడానికి కూడా పెద్ద కారణం లేదు. నల్లబల్ల మీద ఆమె ఏ జంతువును గీసినా పిల్లలు బంగాళాదుంప అనేవారు. ఒక్క బాతును మాత్రం బాతనే అనేవారు.

కథ ఇది. ఒక చెరువులో ఒక పెద్ద బాతు ఉండేది. దాని పేరు గగ్గోలు. అది రోజూ పొద్దున్నే చెరువు మధ్యనున్న బండరాయి ఎక్కి, ఎవరు ఎక్కడ ఈదాలో, ఎవరు ఎప్పుడు తినాలో అరిచి చెప్పేది. చెడ్డ బాతు కాదు. నక్క వస్తే ముందు తనే ఎదురు నిలబడేది. దొరికిన గింజ చిన్నపిల్లలకు పెట్టాకే తను తినేది. కాకపోతే దాని గొంతులో 'మెల్లగా' అనే మెట్టు లేదు. అది నోరు తెరిస్తే చిన్న బాతులన్నీ రెల్లుగడ్డిలోకి దూరిపోయేవి. ఒక రోజు అందరికంటే చిన్నది, పిసరు అనే బాతుపిల్ల, గడ్డిలోంచి బయటికొచ్చి దాని ముందు నిలబడి ఇలా అంది: "బాతుగారూ, మీరు అరిచినప్పుడు నా పొట్ట ఇంత చిన్నదైపోతుంది. నాకు మెల్లని మాట కావాలి."

"అప్పుడు బాతు ఏమంది టీచర్?" అని తరగతంతా అడిగింది.

"అది రేపు. ఈలోగా మీరు కూడా పిసరులాగా ఒక్క మాట చెప్పి చూడండి. ఎదుటివాళ్ళు ఏం చేసినప్పుడు మీకెలా ఉంటుందో, మీకేం కావాలో. తిట్టకూడదు, ఏడవకూడదు, మర్యాదగా చెప్పాలి," అని ఐలా సుద్దముక్క తీసుకుంది.

వెనక వరసలో చొక్కా చేతి అంచు నములుతూ కూర్చునే టిల్లీ ఓలిలా అనే పిల్ల ఉంది. నోరు విప్పడం అరుదు. ఆ రోజు విప్పింది. "టీచర్, ఆ మాట నిజం బాతుల దగ్గర కూడా పనిచేస్తుందా?"

ఐలా మనసంతా తీసివేతల మీదుంది. "చెప్పి చూడమ్మా, తెలుస్తుంది," అనేసింది.

మొదటి ప్రయోగం మధ్యాహ్నమే, భోజనాల హాల్లో జరిగింది. అక్కడ వడ్డించే బెర్నడెట్ బోషాం గొంతు ఊళ్ళో పేరుమోసింది. ఆమె "ట్రేలు!" అని కేక వేస్తే సరస్సు మీద పోయే ఓడలు తమనే పిలిచారనుకుని ఒడ్డుకి తిరుగుతాయని ఒక జోకు ఉండేది. ఆ రోజు ఆమె అలవాటు ప్రకారమే కేక వేసింది. రెండో తరగతి వరస కదల్లేదు. అందరూ కూడబలుక్కున్నట్టు ఒక్క గొంతుతో, "బెర్నడెట్ గారూ, మీరు అరిచినప్పుడు మా పొట్టలు చిన్నవైపోతాయి," అన్నారు.

బెర్నడెట్ కంగారు పడింది. "అయ్యో, పొద్దున్నుంచీ ఏమీ తినలేదర్రా?" అని ఒక్కొక్కరి ట్రేలో మాంసం, దుంపలు కూరి కాల్చిన పాస్టీలు రెండేసి పడేసింది.

"వద్దండీ! మాకు మెల్లని మాట కావాలి," అన్నాడు ఆటో. అంతటితో ఆగితే బాగుండేది. కానీ వాడు వివరంగా చెప్పే రకం. "అంటే, మీరు గగ్గోలు బాతులాగా అరవకుండా ఉంటే చాలు."

"ఏ బాతు?"

"మా టీచర్ చెప్పిన బాతు."

బెర్నడెట్ చేతిలోని గరిటె గ్రేవీలో మునిగిపోయింది. ఆమె ఏప్రాన్ కూడా విప్పకుండా నేరుగా ప్రిన్సిపాల్ గోర్డన్ ట్రెవారో గదిలోకి వెళ్ళింది.

"ట్రెవారో గారూ, ఈ బళ్ళో ఇన్నేళ్ళుగా ఈ పిల్లల ముక్కులు తుడుస్తున్నాను. నన్ను బాతంటారా? నా గొంతు బాతు గొంతా? నా నడక బాతు నడకా?"

"నడక సంగతి ఎవరన్నారండీ?"

"ఎవరూ అనలేదు. అనుకుంటున్నారు. నాకు తెలుసు."

ట్రెవారో మంచివాడు. ఆయనకు బతుకులో కావలసింది ఒక్కటే: ఫోన్ మోగకూడదు. బెర్నడెట్‌ను ఓదార్చి పంపి, ఐలాను పిలిపించి, ఆ కథేమిటో తనకూ చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. బండరాయి దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం మారింది.

"ఆగండి. రోజూ పొద్దున్నే ఎక్కుతుందా?"

"అవును."

"ఎక్కి, అందరికీ ఏం చెయ్యాలో చెబుతుందా?"

"అవును గోర్డన్. బాతు కదా."

ట్రెవారో తన బల్ల మీదున్న మైకు వంక చూశాడు. రోజూ పొద్దున్నే బడి మొత్తానికీ ప్రకటనలు చదివేది దాంట్లోనే. చిన్నబోయిన గొంతుతో, "ఐలా, నా ప్రకటనలు మరీ పొడుగ్గా ఉంటాయంటారా?" అని అడిగాడు.

"దేవుడా! అది బాతు గోర్డన్, ఉత్త బాతు."

"నేనేమీ అనుకోవడం లేదు," అన్నాడాయన, జీవితాంతం అనుకోబోయే మనిషి గొంతుతో.

బెర్నడెట్ మర్నాడు మౌనవ్రతం పట్టింది. మెల్లని మాట కావాలన్నారు కాబట్టి అసలు మాటే లేకుండా వడ్డించింది. ఎవరి వంతు ఎప్పుడో ఎవరికీ తెలియలేదు. నాలుగో తరగతివాళ్ళు ఒకటో తరగతి తిండి తినేశారు. ఒకటో తరగతి ఏడుపు లంకించుకుంది. ఎవరో ఎవరి మీదో బంగాళాదుంప ముద్ద విసిరారు. అది ఆపడానికి వచ్చిన ట్రెవారో టై మీద అలాంటిదే ఇంకొకటి పడింది. ఆయన దాన్ని తుడుచుకుంటూ, ఇదంతా ఆ బాతు వల్లనే అని తీర్మానించుకున్నాడు. పూర్తిగా తప్పని కూడా అనలేం.

అసలు ప్రమాదం మాత్రం అంతకు ముందు సాయంత్రమే, ఓలిలా వాళ్ళింట్లో జరిగిపోయింది.

టిల్లీ తండ్రి వేడ్ ఓలిలా ఊళ్ళో పెద్దమనిషి. రోడ్ల మీద మంచు తోసే లారీలు ఆయనవి. కుర్రాళ్ళ హాకీ జట్టుకు శిక్షకుడు. స్కూలు బోర్డులో సభ్యుడు. ఆ సాయంత్రం భోజనం బల్ల దగ్గర కూర్చుని, లారీని గోతిలో దింపిన డ్రైవరు మీద ఫోన్లో అరుస్తున్నాడు. బల్ల మీద గ్లాసుల్లో నీళ్ళు వణుకుతున్నాయి. టిల్లీ ఫోర్కు కింద పెట్టి, ఊపిరి పీల్చి, "నాన్నా, నువ్వు అరిచినప్పుడు నా పొట్ట చిన్నదైపోతుంది. నాకు మెల్లని మాట కావాలి," అంది.

వేడ్ ఫోన్ దించాడు. బహుశా ఆ క్షణంలో ఏదైనా జరిగి ఉండేదేమో. కానీ పొయ్యి దగ్గరున్న తల్లి కారిన్ ఫక్కున నవ్వింది. వెంటనే నోరు మూసుకుంది గానీ, ఆ వంటింట్లో చాలా ఏళ్ళుగా వినపడని ఆ చప్పుడు అప్పటికే బయటపడిపోయింది.

"ఎవరు నేర్పారు ఇది?"

"కోర్పి టీచర్. కథలో."

"కథలో నేనున్నానా?"

"లేదు నాన్నా. బాతుంది."

"బాతేం చేస్తుంది?"

టిల్లీ అబద్ధం ఆడటం ఇంకా నేర్చుకోలేదు. "అరుస్తుంది," అంది.

మర్నాడు గంట కొట్టకముందే వేడ్ తరగతి గదిలో ఉన్నాడు. కూర్చోవడానికి అక్కడున్నవన్నీ రెండో తరగతి కుర్చీలు. అంత పెద్ద మనిషి ఆ బుల్లి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. ఐలాకు రాలేదు. ఆ గదిలో అతను కూర్చోవడం ఆమె చూడటం అదే మొదలు కాదు. చిన్నప్పుడు అతనూ ఆమె దగ్గరే చదివాడు.

"టీచర్, నా మీద కథలు కట్టి నా కూతురికి చెబుతున్నారట."

"నీ మీద కాదు రా వేడ్. బాతు మీద."

"ఊరంతటికీ తెలుసు ఆ బాతు ఎవరో!"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? నాకు తెలీదా?"

ఐలా అతని వంక చూసి, మెల్లగా అంది: "మీ నాన్న నిన్ను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు, నువ్వు అదిగో, ఆ కోట్లు తగిలించేచోట, కోట్ల వెనకాల నిలబడేవాడివి. బూట్లు మాత్రం బయటికి కనపడేవి. నీకు గుర్తుందో లేదో. అప్పుడు నేను కొత్తదాన్ని. ఏం చెప్పాలో తెలీక ఊరుకున్నాను. ఇలాంటి కథలు అప్పుడు లేవు."

వేడ్ ఆ మూల వైపు చూశాడు. అతని దవడ కదిలింది. కానీ పెద్దమనిషి అయినవాడు కోట్ల వెనక నుంచి బయటికి రావడం అంత తేలిక కాదు.

"నాకెవరూ కథలు చెప్పలేదు!" అని లేచాడు. కుర్చీ అతనితో పాటే లేచింది. "అయినా నేను బాగానే ఉన్నాను గదా! బాగా లేనా? చెప్పండి, బాగా లేనా?"

కిటికీ అద్దాలు అదిరాయి. గాజుతొట్టిలోని చేప రాయి వెనక్కి పోయి దాక్కుంది. వేడ్ కుర్చీ ఊడబెరుక్కుని, బోర్డులో మాట్లాడతానని చెప్పి వెళ్ళిపోయాడు. ఐలా ఆ పూట తీసివేతలు చెప్పింది. గగ్గోలు బాతు ఏమందని పిల్లలు అడిగితే, ప్రిన్సిపాల్ గారు ఆ కథను ప్రస్తుతానికి ఆపమన్నారని చెప్పింది. ఆపమన్న కథకు ఉండే గిరాకీ చెప్పిన కథకు ఎక్కడుంటుంది?

శుక్రవారానికల్లా ఊళ్ళో ఇంకో మాట లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఊరంతా మెడలు తడుముకోవడం మొదలుపెట్టింది. పాస్టర్ గారు ఆదివారం ప్రసంగం మెల్లగా చెప్పాలా అని భార్యను అడిగారు. పళ్ళ డాక్టరు ఐలాకు ఫోన్ చేసి, తన కొడుకు ఆమె తరగతిలో లేకపోయినా, కథలో ఎక్కడా లేని బాతు ముక్కు వర్ణన తనను దృష్టిలో పెట్టుకుని చేసిందేనా అని మర్యాదగా విచారించాడు. భార్యలు భర్తల్ని, భర్తలు అత్తగార్లని బాతన్నారు. ఆ బాతు నక్కకు ఎదురు నిలబడిందన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. పిల్లలకు పెట్టి తను తిన్న గింజ గురించి ఒక్కరూ అడగలేదు.

శనివారం హాకీ ఆట. ఊరు ఊరంతా మంచు మైదానం చుట్టూ మెట్ల మీద ఉంది. రెండో తరగతి పిల్లలు తల్లిదండ్రులతో అక్కడక్కడా కూర్చున్నారు. రెండో భాగంలో రిఫరీ ఏదో తప్పు పట్టాడు. వేడ్ అడ్డుకట్ట మీదికి సగం ఎక్కి, అతని తల్లిదండ్రుల దగ్గర్నుంచి మొదలుపెట్టి అరవసాగాడు. అప్పుడు ఆటో లేచి నిలబడ్డాడు. వాడిని చూసి మిగతావాళ్ళూ లేచారు. మైదానం నలుమూలల నుంచి చిన్న గొంతులు, పాఠం అప్పజెప్పినంత మర్యాదగా, "ఓలిలా గారూ, మీరు అరిచినప్పుడు మా పొట్టలు చిన్నవైపోతాయి. మాకు మెల్లని మాట కావాలి," అన్నాయి.

తర్వాత పై మెట్ల మీద ఎవరో బాతులా కూశారు. ఇంకొకరు అందుకున్నారు. చూస్తుండగా మైదానమంతా కూత. అవతలి ఊరివాళ్ళకి సంగతేమిటో తెలియదు, అయినా కూశారు. అన్నిటికంటే గట్టి కూత బెర్నడెట్‌ది. బుధవారం నుంచీ పట్టిన మౌనవ్రతాన్ని ఆమె దాని కోసమే విడిచింది. వేడ్ సొంత జట్టు కుర్రాళ్ళు హెల్మెట్లలో ముఖాలు దాచుకుని నవ్వారు. అంతవరకూ తాము బాతులమేమోనని వారమంతా వణికిన వాళ్ళందరికీ బాతు మరొకరని తేలిపోయింది. ఆ కూతలో ఉన్నది హాస్యం కాదు, ఉపశమనం.

టిల్లీ లేవలేదు. కూయలేదు. తల్లి పక్కన కూర్చుని చొక్కా చేతి అంచు నములుతూ ఉంది. ఆట అయ్యాక కారులో ఎవరితో కలిసి ఇంటికెళ్ళాలో ఆ పిల్లకు తెలుసు.

సోమవారం సాయంత్రం స్కూలు బోర్డు అత్యవసరంగా సమావేశమైంది. వచ్చిన జనానికి బోర్డు గది చాలక వ్యాయామశాలలో కుర్చీలు వేశారు. అధ్యక్షురాలు లొరైన్ పాస్కో చెక్క సుత్తితో బల్ల మీద కొట్టి, ముందుగా ప్రిన్సిపాల్ గారు క్షమాపణ చెబుతారని ప్రకటించింది. ట్రెవారో రెండు రాత్రులు కూర్చుని దాన్ని రాశాడు. ఎవరి పేరూ రాకుండా, ఎవరినీ వదలకుండా రాయడం మాటలా?

"ఆ బాతులో తమను తాము చూసుకుని బాధపడిన వారందరికీ మా బడి తరపున క్షమాపణ చెబుతున్నాం," అని చదివి, గొంతు సవరించుకున్నాడు. "దయచేసి వారు లేచి నిలబడితే, వ్యక్తిగతంగా కూడా చెబుతాను."

ఎవరూ లేవలేదు. వారం రోజులుగా క్షమాపణ కావాలని ఫోన్లు చేసినవాళ్ళందరూ కుర్చీలకు అతుక్కుపోయారు. ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. హాలంతా అటు తిరిగింది. అక్కడున్న ముసలాయన, "నాకు నడుం నొప్పి! అంతే!" అని కంగారుగా అరిచాడు.

"అయితే చివరికి ఆ బాతుకేమైంది?" అని అడిగింది లొరైన్, ఉండబట్టలేక.

"చెప్పనిస్తే గదా," అంది ఐలా.

నవ్వులు వినపడ్డాయి. వేడ్ లేచాడు. "నవ్వండి, బాగా నవ్వండి. నేను బాతునని నేననడం లేదు. కానీ నా కూతురి బుర్రలో ఎవరో ఈ మాటలు ఎక్కించారు. అది తేలాలి."

"పిల్లనే అడిగితే పోలా?" అన్నాడు ట్రెవారో. మంచివాళ్ళు తొందరలో చేసే పనులు ఇలాగే ఉంటాయి.

టిల్లీని ముందుకు తీసుకొచ్చారు. మైకు ఆ పిల్ల తలకంటే ఎత్తులో ఉంటే ఎవరో వంచారు. లొరైన్ పాస్కో ముందుకు వంగి, తేనె పూసిన గొంతుతో, "భయపడకు తల్లీ. ఇక్కడ అందరూ నీవాళ్ళే. నీకేమనిపిస్తే అది చెప్పు," అంది.

టిల్లీ ఊరంతటినీ చూసింది. చొక్కా చేతిని నోట్లోంచి తీసింది. ఐలా నేర్పినట్టే నిటారుగా నిలబడి, ఊపిరి పీల్చి, తిట్టకుండా, ఏడవకుండా చెప్పింది: "నాన్న అరిచినప్పుడు నాకు భయమేస్తుంది. మాటలు మర్చిపోతాను. అందుకే నేను ఎక్కువ మాట్లాడను. నాకు నాన్నంటే ఇష్టం. నాకు మెల్లగా మాట్లాడే నాన్న కావాలి."

ఏ టీచరైనా జీవితంలో ఒక్కసారి వినాలనుకునే మాట అది. పుస్తకాల పెట్టెలో ఏ కథ కూడా దాని దరిదాపులకు రాదు. వేడ్ తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. ఐలా అతని ముఖం చూసింది. ఆ ముఖంలో కోట్ల వెనకాల దాగిన పిల్లవాడు ఒక అడుగు ముందుకు వేస్తున్నాడు. ఇంకో రెండు క్షణాలు ఎవరూ మాట్లాడకుండా ఉంటే చాలు.

"చూశారా!" అని వెనకనుంచి పళ్ళ డాక్టరు లేచాడు. "అచ్చం అవే మాటలు! మా అబ్బాయీ అవే అంటున్నాడు! బట్టీ పట్టించారు!"

"ఏడేళ్ళ పిల్ల ఇలా మాట్లాడుతుందా?" అని ఇంకొకరు.

"అమ్మా, ఈ మాటలు నీకెవరు నేర్పారు?" అంది లొరైన్.

"కోర్పి టీచర్," అంది టిల్లీ, ఎప్పటిలా నిజమే.

హాలు గోలెత్తింది. సుత్తి మోగింది. పిల్లవాడు మళ్ళీ కోట్ల వెనక్కి వెళ్ళిపోయాడు. వేడ్ కూతురి దగ్గరికి నడిచి, చెయ్యి పట్టుకుని, చాలా మెల్లగా, "పద. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అన్నాడు.

అతని నోట అంత మెల్లని మాట ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ వినలేదు. కారిన్ కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయింది. అతని అరుపులు ఎన్నో విన్నది గానీ, ఏదీ ఐలాను ఇంత భయపెట్టలేదు.

ఆమె లేచి నిలబడింది. "వాళ్ళు చెప్పింది నిజమే. అవి ఆ పిల్ల మాటలు కావు. నేను నేర్పించినవి. రోజూ కూర్చోబెట్టి బట్టీ పట్టించాను. టిల్లీకి వాళ్ళ నాన్నంటే భయమేమీ లేదు."

వేడ్ ఆగాడు. టిల్లీ వెనక్కి తిరిగింది. "లేదు టీచర్, నాకు నిజంగా..."

"లేదమ్మా," అంది ఐలా. "నీకలా అనిపించలేదు."

ఒకరికి ఏమనిపించిందో ఇంకొకరు చెప్పకూడదని ఆ సంవత్సరం మొదటి రోజున పిల్లలకు చెప్పింది ఆమే. టిల్లీ ఆమె వంక చూసింది. ఏడవలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు చూసింది. తర్వాత చొక్కా చేతి అంచు మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

వేడ్ గట్టిగా ఊపిరి వదిలాడు. "విన్నారుగా!" అని హాలంతా అదిరేలా అరిచాడు. ఆ అరుపు వినగానే కారిన్ ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. తండ్రి కూతురి తల మీద చెయ్యేసి బయటికి నడిపించుకుపోయాడు. ఆ రాత్రి ఇంట్లో ఏ గొడవా జరగలేదని కారిన్ మర్నాడు కిరాణా కొట్లో ఐలా పక్కనుంచి పోతూ, ఆగకుండా చెప్పింది. థాంక్స్ చెప్పిందో, నింద వేసిందో ఐలాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత అన్నీ సర్దుకున్నాయి. తప్పు ఒకరిదేనని తేలింది కాబట్టి ఊరందరూ క్షమాపణ స్వీకరించారు. బోర్డు ఐలా దగ్గర్నుంచి తరగతి తీసేసి, ఆ ఏడాది మిగిలిన రోజులకు భోజనాల హాలు పర్యవేక్షణ అప్పగించింది. బెర్నడెట్ మొదటి రోజే వేడి పాస్టీ తెచ్చి ఆమె ముందు పెట్టి, "నీ మీద కోపం పోయిందే ఐలా. ఆ వేడ్ గాడే బాతని నాకు ముందే తెలుసు," అంది. ట్రెవారో ప్రకటనలు మూడు వాక్యాలకు కుదించాడు. కొత్తగా వచ్చిన టీచరు బీరువా పైనుంచి పెట్టె దించి, రోజుకో పుస్తకం చదవసాగింది. విచారం, ఊపిరి, కేకు. విచారం, ఊపిరి, కేకు. ఆటో కూడా చెయ్యెత్తడం మానేశాడు.

టిల్లీ ట్రే పట్టుకుని వరసలో వస్తే, ఐలా ప్రతి రోజూ వంగి అడిగేది. "ఎలా ఉన్నావమ్మా?"

"బాగున్నాను టీచర్," అనేది టిల్లీ, మూడో పేజీలోని పిల్లల్లా నవ్వి. ఒక్కరోజు కూడా వేరే జవాబు రాలేదు. ఆ పిల్ల అబద్ధం ఆడటం నేర్చుకుందని ఐలాకు తెలుసు. ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా తెలుసు.

మంచు కరిగాక జిల్లా నుంచి పరిశీలకులు వచ్చారు. రెండో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగారు. కోపం వస్తుందా? రాదు. భయం వేస్తుందా? వేయదు. ఇంట్లో ఎలా ఉంటుంది? బాగుంటుంది. బడిలో? బాగుంటుంది. కొట్లాటలు లేవు, ఏడుపులు లేవు, ఫిర్యాదులు లేవు. భావోద్వేగ నిగ్రహంలో ఆ తరగతికి జిల్లా మొత్తంలో మొదటి స్థానం వచ్చింది. బోర్డు తరపున వేడ్ ఓలిలా బహుమతి అందజేసి, పిల్లల మనసు తెలుసుకోవడం ఎంత ముఖ్యమో చాలాసేపు ఉపన్యసించాడు.

ఈ పద్ధతిని వచ్చే ఏడాది నుంచి అన్ని బళ్ళలోనూ అమలు చేయాలని జిల్లా విద్యాశాఖ తీర్మానించింది.